షష్టిపూర్తి నాడు ఆగిన దయ్యాల సినిమా

మా పక్క ఖోలీ గదిలో ఉండే అన్న పోయాడని ఆ పొద్దున కుళాయి దగ్గర చెప్పారు. బిందె నిండేదాకా అక్కడే నిలబడ్డాను. పురాణ గ్రంథం తెరిచి మైకు ముందు మృత్యువు గురించి గంటలు గంటలు చెప్పే నాకు ఒక్క వాక్యం తోచలేదు. ఇప్పటికీ ఏడుపు రాలేదు.

గ్రాంట్ రోడ్ సినిమా హాలు మూతపడేదాకా ఆయన అక్కడ ఆపరేటర్. తర్వాత, అందరం ఒక్కో గదిలో కాపురముండే మా కామాఠిపురా చాల్ వాకిట్లో దుప్పటి కట్టి పాత దయ్యాల సినిమాలు వేసేవాడు. తెలియనివారికి చెబుతున్నాను, మన దేశంలో సినిమాకు అరవై ఏళ్లు దాటితే దాని మీద ఎవరి హక్కూ ఉండదు, అందరిదీ అవుతుంది. ఆయన దాన్ని షష్టిపూర్తి అనేవాడు. ప్రొజెక్టర్‌కు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టనిదే బొమ్మ పడేది కాదు.

"దయ్యాలను చూసిన కళ్లు దేవుణ్ణేం చూస్తాయి?" అని నేను మైకులో గర్జించేవాణ్ణి.

"మహారాజ్, నీ రాక్షసులకు కాపీరైట్ లేదు, అందుకె రోజు చెప్తవు. నా దయ్యాలకు వయసు నిండాలె గదా" అని నవ్వేవాడు.

ఒక్క సినిమా కోసం ఏళ్లుగా ఎదురుచూశాడు. పాలమూరు నుంచి కూలికొచ్చిన వాళ్లమ్మను అందులో దయ్యాల గుంపులో నడిపించారట. ఆయన చిన్నతనంలోనే ఆమె పోయింది. ఫోటో లేదు.

"అందరి అమ్మలు సచ్చి దేవతలైతరు. మా అమ్మ బతికుండంగనె దయ్యమైంది" అనేవాడు.

తీసిన కంపెనీ ఎప్పుడో మాయమైంది. "అడిగెటోడె లేడు, వెయ్యి కాకా" అన్నారు కుర్రాళ్లు.

"అడిగెటోడు లేకుంటె మనదైతదారా?"

పరుల సొమ్ము గురించి నేనిచ్చే ఉపన్యాసమంతా ఆ ఒక్క మాటే.

ఆ సినిమాను ఫోన్లోనైనా చూపమని ఆయన భార్య, మా వదిన, అడిగితే, "మా అమ్మను గింత చిన్నగ సూపియ్య. తెర మీద యేలు వెట్టి సూపిస్త" అన్నాడట.

కార్తీకంలో సినిమాకు అరవై నిండాయి. విడుదలైన తేదీనే లడ్డూలు పంచి తెర కట్టాడు. లా చదివే కింది ఖోలీ అమ్మాయి మెల్లగా చెప్పింది: "కాకా, విడుదలైన మరుసటి జనవరి నుంచి లెక్క. ఇంకా వచ్చే జనవరి దాక ఆగాలె."

"మనిషి లెక్కనె అనుకున్న బిడ్డా" అంటూ దుప్పటి మడతపెట్టాడు.

మార్గశిరంలో పోయాడు.

పదో దినం నాడు వదిన నన్ను పిలిచింది. "జనవరిల మీరె తెర కట్టుండ్రి, మహారాజ్."

"కడతాను వదినా."

"తెల్లచీరలు, ఇరబోసుకున్న ఎంటికలు, అందరు గట్లనె ఉంటరట. అండ్ల అత్తమ్మ ఎవరో నాకెట్ల తెలుస్తది?"

గ్రంథం నా ఒళ్లోనే ఉంది. తెరవలేదు. అప్పటి నుంచి కళ్లు మూస్తే చాలు, తెల్లచీరల ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు నడిచి వస్తున్నారు. ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తున్నాను.