సీలు మూతి ఎటువైపు

మా మేనమామకు చందర్లపాడు దగ్గర రేగడి పొలం ఉండేది. వాన పడ్డాక ఆ రేగడిలోకి దిగిన ఎడ్లబండి మళ్లీ నాలుగు రోజులు ఎండ కాసేదాకా అక్కడే కాపురం పెట్టేది. ఆ బాధ పడలేక ఆయన, యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన ఒక పాత ట్రక్కు కొన్నాడు. దానికి వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా ఇంజను బలంతోనే తిరిగేవి. ఊళ్లో దాన్ని 'నాలుక్కాళ్ల బండి' అనేవాళ్లు. తక్కిన లారీలన్నీ రెండు కాళ్ల మీద డేకుతున్నాయని వాళ్ల అభిప్రాయం.

ఇది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల మాట. అప్పుడు నేను నందిగామలో పగలు బళ్లో పాఠాలు చెప్పేవాణ్ణి, సాయంత్రం పఠనమందిరంలో దేవుడు లేడని చెప్పేవాణ్ణి. మొదటిదానికి పిల్లలు నిద్రపోయేవారు. రెండోదానికి పెద్దలు నిద్ర లేచేవారు. కాబట్టి నాకు రెండోదే ఎక్కువ ఇష్టంగా ఉండేది.

ఆ బండికి ఒక జబ్బు ఉండేది. ముందు ఇరుసు నుంచి నూనె కారేది. ఎక్కడ ఆపినా ముందు చక్రాల వెనక రెండు నల్లటి మరకలు పడేవి. మా అత్తయ్య వాకిట్లో వేసిన ముగ్గుకు రోజూ రెండు చుక్కలు అదనంగా చేరేవి. దిష్టి తగిలిందని ఆవిడ తేల్చింది. మావయ్య నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు. గుమ్మడికాయ కొట్టాడు. చివరికి వేదాద్రి తీసుకెళ్లి పూజ చేయించాడు. నరసింహస్వామి ఎదుట కూడా బండి రెండు చుక్కలు విడిచి వచ్చింది.

ఆ సంగతిని నేను పఠనమందిరంలో కథగా చెప్పాను. దసరా వెళ్లిన వారం అది. వాహనాలకు కుంకుమ పెట్టడం మీద వేడిగా మాట్లాడుతున్నాను. వింటున్నవాళ్లలో జగ్గయ్యపేటకు చెందిన ఒక విశ్రాంత తెలుగు పండితుడు ఉన్నాడు. కూతురింటికి నందిగామ వచ్చినప్పుడల్లా నన్ను ఖండించి గాని ఆయన తిరుగు బస్సు ఎక్కేవాడు కాదు.

"పూజ చేస్తే కారుతోంది సరే, చెయ్యకపోతే ఆగుద్దా నాయనా?" అన్నాడు.

"మరమ్మతు చేస్తే ఆగుతుంది."

"ఎప్పుడు చేస్తారో చెప్పండి, వచ్చి చూస్తాం."

నాకు ఒళ్లు మండింది. వచ్చే ఆదివారం జగ్గయ్యపేటలో మా ఇద్దరికీ ఎలాగూ చర్చాసభ ఉంది. ఆ బండి మీదే వస్తానన్నాను. నిమ్మకాయ ఉండదు, కుంకుమ ఉండదు. ముందు ఇరుసు కింద ఒక్క చుక్క పడితే సభ ఎదుట నా చేత్తో ఆ బండికి కొబ్బరికాయ కొడతానన్నాను. యాభై మంది విన్నారు. అప్పటికి నా దగ్గర ఉన్న ఆస్తి అల్లా నేను కొబ్బరికాయ కొట్టననే పేరు ఒక్కటే.

మావయ్యను ఒప్పించడం కష్టం కాలేదు. "బళ్లు బాగుచేసేవాణ్ణి అడిగాను. సీలు పోయిందట మావయ్యా, మార్చాలి" అన్నాను. ఆయన జీవితంలో సగం కోర్టుల్లోనూ, మిగతా సగం రిజిస్ట్రారు ఆఫీసులోనూ గడిచింది. "సీలు పోతే లక్క కరిగించి మళ్లీ వేస్తే పోద్దిగా" అన్నాడు. ఇది ఆ సీలు కాదని చెప్పడానికి ఒక పూట పట్టింది.

నందిగామలో హైదరాబాదు రోడ్డు పక్కన తాటాకు పాక వేసుకుని ఒక మేస్త్రీ బళ్లు బాగుచేసేవాడు. యుద్ధంలో బర్మా దాకా వెళ్లి ఇలాంటి ట్రక్కుల కిందే పడుకుని వచ్చిన మనిషి. ఆదివారం చర్చికి వెళ్లకుండా పానా ముట్టేవాడు కాదు. అయినా ఆయన పాక గుంజకు నిమ్మకాయల దండ వేలాడేది.

"ఇదేమిటి మేస్త్రీ?" అన్నాను.

"నాకు నమ్మకం లేదండి. బళ్లు తెచ్చే పార్టీలకుంటది. అడుగుతారని ఉంచా."

ఆయన విజయవాడ నుంచి కొత్త సీళ్లు తెప్పించి ఒక రోజంతా నూనెలో నానబెట్టాడు. ముందు ఇరుసును దుంగల మీదికి ఎత్తి, చక్రాలు విప్పి, బ్రేకు డ్రమ్ములు ఊడదీసి, లోపలి ఉక్కు కడ్డీలను బయటికి లాగాడు. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఇరుసు ఒక గొట్టం. దాని నడుమ పళ్లచక్రాల డబ్బా, అందులో నూనె. ఆ డబ్బా నుంచి రెండు కడ్డీలు చెరో చక్రానికి వెళతాయి. కడ్డీ వెంట నూనె చక్రం వైపు పాకకుండా గొట్టం చివర ఒక ఇనప ఉంగరం, దాని లోపల తోలు అంచు. అదే సీలు. ఆ తోలు అంచు ఒక వైపుకు ముడుచుకుని ఉంటుంది. మేస్త్రీ దాన్ని మూతి అన్నాడు.

పాత సీళ్ల తోలు ఎండి అప్పడంలా విరిగిపోయింది. "ఇదీ దిష్టి" అని మేస్త్రీ నా చేతిలో పెట్టాడు. నేను ఆ ముక్కలను కాగితంలో కట్టుకున్నాను, సభలో చూపించడానికి.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆయన కొత్త సీలు మూతిని గొట్టం లోపలికి తిప్పి బిగించబోతుంటే నేను ఆపాను.

"మేస్త్రీ, తిరగేసి పెడుతున్నావు."

"లేదండి. మూతి లోపలికే ఉండాల."

"ఎందుకుండాలి? ఎప్పుడైనా ఆలోచించావా, లేక నీకు నేర్పినవాడు చెప్పాడని చేస్తున్నావా? దుమ్మూ నీళ్లూ వచ్చేది బయటినుంచి. కాపలావాడు దొంగ వచ్చే వైపు చూస్తూ నిలబడతాడు గాని ఇంట్లోకి చూస్తాడా?"

"ఇక్కడ దొంగ ఇంట్లోనే ఉన్నాడు గదండి."

ఆ మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు. ఆచారం ఎలా పుడుతుందో, ఒకడు చేసినదాన్ని పదిమంది అడగకుండా ఎలా చేస్తారో, మనిషి ప్రతిదాన్నీ బుద్ధితో ఎలా పరీక్షించాలో అరగంట చెప్పాను. మేస్త్రీ సీలు చేతిలో పట్టుకుని మర్యాదగా విన్నాడు. ఆయన చేతి మీదుగా నూనె మోచేతి దాకా కారింది.

"మాస్టారూ, ఒక పని చేద్దాం. కుడిపక్క నా ఇష్టప్రకారం పెడతా, ఎడంపక్క మీ ఇష్టప్రకారం పెడతా. పరీక్షించమన్నారుగా. జగ్గయ్యపేట పోయేసరికి అదే చెప్పుద్ది."

నేను ఒప్పుకున్నాను. రెండు పక్కలా ఒకేలా పెట్టమని అడిగి ఉంటే నా మాట నెగ్గేది, లేదా ఆయన మాట నెగ్గేది. కాని నా తర్కం మీద నాకున్న నమ్మకం అలాంటిది. వేదాద్రిలో మావయ్యకున్న నమ్మకానికి అది ఏమాత్రం తీసిపోదని ఇప్పుడు తెలుస్తోంది. ఎడంపక్క సీలును చెక్క ముక్క ఆనించి, సుత్తితో నేనే దిగ్గొట్టాను. మేస్త్రీ చూస్తూ, "దెబ్బ మాత్రం తిన్నగా పడింది" అన్నాడు.

ఆదివారం మేస్త్రీ చర్చి నుంచి వచ్చేదాకా ఆగి బయల్దేరాం. మావయ్య ముందు, ఆయనే నడుపుతున్నాడు. పక్కన మేస్త్రీ. వెనక నేనూ, నా పుస్తకాల మూటా. బయల్దేరే ముందు బండి చుట్టూ తిరిగి నిమ్మకాయలన్నీ నేనే తెంపి పారేశాను, బొట్లు తుడిచాను. మావయ్య అడ్డు చెప్పకపోవడం చూసి, నా ఉపన్యాసాలకు ఫలితం కనిపిస్తోందని సంతోషించాను.

పేటలో సభ ఒక ధాన్యం కొట్టు ముందు, పందిరి కింద. పండితుడు అప్పటికే వచ్చి ఉన్నాడు. బండి ఆగగానే తన భుజం మీది తెల్లటి పైపంచె తీసి, నలుగురూ చూస్తుండగా ముందు ఇరుసు కింద పరిచాడు.

"అబద్ధానికి చోటుండకూడదు నాయనా" అన్నాడు.

మేం నిలబడి చూశాం. కుడిపక్క ఏమీ లేదు. ఎడంపక్క చక్రం వెనక ఒక చుక్క నెమ్మదిగా లావెక్కి, కాసేపు వేలాడి, పైపంచె మీద పడింది. దాని వెనకే ఇంకోటి.

పందిరి కింద నవ్వులు మొదలయ్యాయి. ఎవరో కొబ్బరికాయ తెమ్మని కేకేశారు. పండితుడు నవ్వలేదు. వంగి బండి కిందికి పరీక్షగా చూసి, "ఇటు కారలేదే" అని కుడివైపు చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికి తీసేసరికి అందులో ఒక నిమ్మకాయ ఉంది. కుడి చక్రం వెనక, స్ప్రింగు పట్టీల సందులో, ఎర్రదారంతో కట్టి ఉందట.

అందరూ మావయ్య వైపు చూశారు. ఆయన పంచె సర్దుకున్నాడు.

"ఒకటి కట్టా. ఏం, బండి నాదేగా" అన్నాడు. "రెండోది కట్టబోతుంటే అల్లుడు వచ్చాడు. అందుకే ఆ పక్క కారింది."

నా ముప్ఫై ఏళ్లలో నిమ్మకాయకు అనుకూలంగా అంత బలమైన సాక్ష్యం నేను చూడలేదు. నిమ్మకాయ ఉన్న పక్క పొడి, లేని పక్క తడి. పండితుడు దాన్ని అరచేతిలో పెట్టుకుని సభకు చూపించాడు. ఇక ఉపన్యాసం కూడా అక్కర్లేదన్నట్టు కూర్చున్నాడు.

కారణం ఏమిటో నాకు తెలుసు. మేస్త్రీకి తెలుసు. ఆయన బండి రెక్కకు ఆనుకుని గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. 'ఎడంపక్క మాస్టారే తిరగేసి పెట్టించారండి' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నా మర్యాదను నా చేతికే వదిలేశాడు.

నేను నోరు మూసుకుంటే నిమ్మకాయ గెలుస్తుంది. నోరు తెరిస్తే, బుద్ధితో పరీక్షించండని ఊరూరా చెప్పే మనిషి ఒక తోలు ముక్క మూతి ఎటుండాలో తెలియక మేస్త్రీకి అరగంట పాఠం చెప్పాడని పేటంతా తెలుస్తుంది. నిజం చెబుతున్నాను, కొంతసేపు నిమ్మకాయను గెలవనిద్దామనే అనిపించింది.

తర్వాత లేచి చెప్పాను. దొంగ, కాపలావాడి ఉపమానంతో సహా చెప్పాను. ఇక్కడ దొంగ ఇంట్లోనే ఉన్నాడని మేస్త్రీ అన్న మాట చెప్పేసరికి పందిరి అంతా నవ్వింది. నేను అన్నేళ్లు మాట్లాడినా ఒక్క సభ కూడా అలా నవ్వలేదు.

"మాస్టారు చెప్పింది నిజమేనా మేస్త్రీ?" అని పండితుడు అడిగాడు.

"నిజమేనండి. విప్పి చూపిస్తా" అని మేస్త్రీ జేబులోంచి కాగితంలో చుట్టిన ఇంకో సీలు తీశాడు. మొదటి రోజే మూడు తెప్పించాడట. ఒకటి అదనంగా కావలసి వస్తుందని నా మొహం చూసి అప్పుడే అనుకున్నాడేమో.

ఆ తర్వాత చర్చ జరగలేదు. జనమంతా లేచి బండి చుట్టూ చేరారు. మేస్త్రీ చక్రం విప్పి, కడ్డీ లాగి, తిరగబడ్డ సీలును కొక్కెంతో పెరికి, కొత్తదాన్ని మూతి లోపలికి పెట్టి దిగ్గొట్టాడు. పండితుడు మోకాళ్ల మీద కూర్చుని, తోలు కడ్డీని ఎలా కరుచుకుంటుందో అడిగి తెలుసుకున్నాడు. మరకలు పడ్డ పైపంచె అప్పటికి మేస్త్రీ చేతిగుడ్డ అయిపోయింది.

చుక్క పడింది కాబట్టి మాట ప్రకారం కొబ్బరికాయ కొట్టాను. అలవాటు లేని చెయ్యి కదా, మూడు దెబ్బలకు గాని పగల్లేదు. నీళ్లన్నీ నా పంచె మీదే పడ్డాయి.

పొద్దు ఇంకా ఉండగానే నందిగామ చేరి, మేస్త్రీ పాక ముందు ఆపి ముగ్గురం కిందికి వంగాం. రెండు పక్కలా పొడిగా ఉంది. మావయ్య కొబ్బరిచిప్ప కొరుకుతూ నిటారుగా లేచాడు.

"చూశావా అల్లుడూ. నీ చేత్తో కొబ్బరికాయ కొట్టాక రెండు పక్కలా ఆగింది."

మేస్త్రీ తల గోక్కున్నాడు.

"తేలాలంటే ఇంకో పరీక్షుందండి బాబుగారూ. ఎడంపక్క మళ్లీ తిరగేసి పెడతా. మాస్టారు ఇంకో కొబ్బరికాయ కొడతారు. పేట దాకా పోయొద్దాం."

మావయ్య నమలడం ఆపాడు. "నా బండి మీద చెయ్యేస్తే ఇద్దరి కాళ్లూ విరుగుతాయి."

"భయమెందుకు మావయ్యా, కొబ్బరికాయ కొడతాంగా."

"కొబ్బరికాయ సంగతి వేరు, సీలు సంగతి వేరు" అని ఆయన విసుక్కున్నాడు.

ఆ ఒక్క మాట ఎవరి నోటనైనా వినాలనే నేను అన్ని సభలూ పెట్టింది. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను మేస్త్రీ వైపు చూశాను. మావయ్య తాను ఏమన్నాడో గమనించకుండా, పొద్దున కట్టకుండా మిగిలిన రెండో నిమ్మకాయను జేబులోంచి తీసి మళ్లీ బండి కిందికి దూరాడు. ఈసారి ఎడంపక్కకు.