వత్తి పాలు

మా అత్త పోయిందన్న కబురు నందికొండకు సిమెంటు లారీ డ్రైవరు తెచ్చాడు. డ్యామ్ పనికి వచ్చి మేమిక్కడే ఉండిపోయాం. రేకుల ఇంటి ముందు బట్టలు ఆరేస్తున్నాను. "అక్కా, మీ ఊరోళ్లు కేతేపల్లి కాడ బండి ఆపి చెప్పిన్రు. మీ అత్త పొద్దుగాల పానం ఇడిసిందంట" అన్నాడు. చేతిలోని తడిచీర మట్టిలోకి జారిపోయింది. పక్షవాతంతో నెలరోజులుగా మంచం మీదే ఉందనీ, మింగుడు పడడం లేదనీ తెలుసు. నా పెద్దబిడ్డ బడి మానేసి ఆమె దగ్గరే ఉంది. ముందే తెలిస్తే మాత్రం ఏం లాభం? చావు కబురు ఎప్పుడొచ్చినా కొత్తదే.

ఉన్నమాట చెబుతాను. ఆమె మెత్తని మనిషి కాదు. ఆమె నోట్లో నోరు పెట్టి గెలిచినవాళ్లు మా ఊళ్లో లేరు. గొర్రెల మంద మీద బతికిన ఇల్లు మాది. ఈనిన గొర్రె తన పిల్లను దగ్గరికి రానివ్వకపోతే, అత్త ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని, గుడ్డవత్తిని మేకపాలలో ముంచి చుక్క చుక్కగా తాపేది. అప్పుడు మాత్రం ఆమె గొంతు మెత్తబడేది. "నోరున్నది ఒర్రి తెచ్చుకుంటది. లేనిదాన్ని మనమే సూడాలె" అనేది. కోడలికి నోరుందని ఆమె లెక్క కాబోలు, ఎట్లా ఉన్నావని నన్ను ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

డ్యామ్ పనులు ఇంకా మొదలుకాని ఏడు అది. నాకు తొలిచూలు, ఐదో నెల. తొలకరికి ముందు అమావాస్యనాడు పొద్దున పూట సూర్యగ్రహణం పట్టింది. కడుపుతో ఉన్నది కదలకూడదు, ఒళ్లు గీరుకోకూడదు, ఎండ పొడ తగలకూడదు. తగిలితే పుట్టే పిల్లకు పై పెదవి చీలి గ్రహణం మొర్రి వస్తుందని మా భయం. అత్త నన్ను చీకటింట్లో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరకేసి, కుండల మీద గరిక వేయడానికి పోయింది. మా పిల్లి కూడా అప్పుడు చూలుతోనే ఉంది. అది బయట చిక్కుకుని తలుపు గీరుతూ ఒకటే అరుపు. వినలేకపోయాను. లేచి తలుపు తీశాను. ఎండ నా కడుపు మీద పడింది. తలెత్తితే వాకిట్లో అత్త నిలబడి చూస్తోంది. తిట్టలేదు. ఆమె తిట్టకుండా ఊరుకోవడం అంతకుముందు నేను చూడలేదు.

నెల దాటాక పిల్లి అత్త గొంగడి మీదే ఈనింది. మూడు పిల్లలు. రెండు బాగానే ఉన్నాయి. మూడోదానికి పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. పాలు కుడవబోతే పట్టు కుదరదు. నోట్లో పడిన చుక్క కూడా ముక్కులోంచి బుడగలై వస్తోంది. అత్త దాన్ని చూసింది, తర్వాత నా కడుపు చూసింది. చేతిలోని చాట కింద పెట్టేసింది.

మా మందలో ఒక ఆనవాయితీ ఉండేది. అవకరంతో పుట్టిన పిల్లను పాత గంపలో పెట్టి, వేపకొమ్మ కప్పి, పొద్దుగూకక ముందే పొలిమేర దాటిస్తారు. లేదంటే అదే అవకరం ఇంట్లోని మిగతా చూలుకు తగులుతుందట. అత్త గంప తెచ్చింది. నేను గడపకు అడ్డం నిలబడ్డాను.

"అత్తా, నాకు గిట్లనే పుడితే గీ గంపలనే పెడ్తవా?"

"జరుగు."

"చెప్పు. నా బిడ్డను గూడ పొలిమేర దాటిస్తవా?"

"జరుగంటున్న గదనే! పొద్దు గూకుతాంది."

నన్ను భుజంతో తోసుకుని వెళ్లిపోయింది. తిరిగొచ్చినప్పుడు గంప ఖాళీ. చేతులు కడుక్కుని జొన్నరొట్టెలు చేసింది. నేను ముట్టలేదు. నా మొగుడు మందను తోలుకుని కృష్ణ దిక్కుకు మేపుకు పోయాడు. పుట్టింట్లో అమ్మ లేదు. పురుడు ఇక్కడే, ఈ చేతుల్లోనే జరగాలి. ఆ చేతులు దగ్గరికొస్తే పక్కకు జరిగేదాన్ని.

నాలుగైదు రోజులకు ఒక అనుమానం పట్టుకుంది. మంద ఊళ్లో లేదు, పాలు తాపాల్సిన గొర్రెపిల్లలూ లేవు. మరి ఈమె రోజూ మాటిమాటికీ ఇంటిమేక పాలగిన్నె పట్టుకుని దొడ్లోకి ఎందుకు పోతోంది? ఆ రోజు వెనకాలే పోయాను. గడ్డివాము చాటున కూర్చుని ఉంది. ఒళ్లో ఆ పిల్లికూన. వత్తితో ఒక్క చుక్క వేసి, ముక్కు తుడిచి, ఊపిరి ఆడిందాకా ఆగి, మళ్లీ ఒక్క చుక్క వేస్తోంది.

"ఏందే గట్ల సూస్తున్నవ్? రా, కూసో."

"పారేసినవనుకున్న."

"పొలిమేర దాక పోయిన. గంప దించిన. సేతులు రాలే. కొంగుల దాసి తెచ్చిన."

వత్తి మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "నీ మొగనికంటె ముందు నాకో ఆడపిల్ల పుట్టె. గిదే మూతి. గ్రహణం సూసినవన్నరు. గా యేడు గ్రహణమే పట్టలేదే పిల్లా! అయినా నమ్మిన. గది బతికేది గాదు, ముట్టకన్నరు. ముట్టలే. తొమ్మిది దినాలు ఆకలికి ఒర్రి ఒర్రి సచ్చింది. గా తొమ్మిది దినాలు గూడ నేను గొర్రెపిల్లలకు వత్తితోని పాలు తాపిన. నా పిల్లకు తాపొచ్చని తోచలే."

కూన ముక్కు తుడుస్తూ మళ్లీ ఆమే అంది. "ఇప్పుడు సేతికి అలవాటు జేసుకుంటున్న. నీకు గట్లనే పుడితే ఎట్ల తాపాలె? వెల్లకిల పండవెట్టి తాపితే పొరపోయి ఊపిరాడదు. తల ఎత్తి తాపాలె. సూసి నేర్సుకో."

నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది. నా బిడ్డ మొర్రితోనే పుడుతుందని ఈమె అప్పుడే ఖాయం చేసుకుందా అనిపించింది. అయినా కూర్చున్నాను. మర్నాడు వత్తి నా చేతికిచ్చింది. తొందరపడి ఎక్కువ పాలు పోశాను. కూన ఉక్కిరిబిక్కిరై కొయ్యబారిపోయింది. అత్త చటుక్కున దాన్ని తలకిందులు చేసి, ముక్కుకు నోరు పెట్టి పీల్చి ఉమ్మేసింది. వీపు నిమిరింది. ఎంతసేపటికో అది తుమ్మింది. నేను వణికిపోతుంటే, "వణుకుడు ఇప్పుడే అయిపోనియ్. గప్పుడు వణకొద్దు" అంది.

బతుకమ్మ పండుగ వెళ్లిన వారానికి, పొద్దెక్కాక నాకు కాన్పయింది. నేను బిడ్డను చూడలేదు, అత్త ముఖమే చూశాను. ఆమె బిడ్డను తుడుస్తోంది. మూతి దగ్గర చెయ్యి ఆగింది.

"అయ్యో, గ్రహణం పట్టిందమ్మా" అని మంత్రసాని నోరు నొక్కుకుంది.

"పిల్లకు ఆకలైతాంది. మాటలు బందు వెట్టి వత్తి తే" అంది అత్త.

నా పాలే గిన్నెలోకి పిండి, ఆ వత్తితోనే నా బిడ్డను బతికించుకున్నాం. తర్వాత హైదరాబాదు పెద్ద దవాఖానలో పెదవి కుట్టించాం. పిల్లికూన సంగతి కూడా విని, గ్రహణంతో పని లేదనీ, మనుషుల్లోనైనా పిల్లుల్లోనైనా ఒక్కోసారి ఇది రక్తంలోనే వస్తుందనీ డాక్టరు చెప్పి, ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని అడిగాడు. "నా తొలిసూరు బిడ్డకు ఉండె" అని అత్త పదిమందిలో మొదటిసారి పైకి అంది. బయటికొచ్చాక, "తలుపు తీసినందుకు గాదంట. నీ తప్పు లేదంట" అంది. "నీది గూడ లేదు అత్తా" అన్నాను. ఆమె గోడ దిక్కు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లికూన కూడా బతికి, తుమ్ముకుంటూ ఆమె గొంగడి మీదే ముసలిదైంది.

కబురు అందగానే బస్సెక్కాం. మేము చేరేసరికి వాకిట్లో జనం. పెదవి కుట్టించిన నా పెద్దబిడ్డే అవ్వ తలాపున కూర్చుని ఉంది. "నెల దినాల సంది నీ బిడ్డనే తాపింది. ఒక్కొక్క సుక్క" అని పక్కింటామె చెప్పింది. పిల్ల చేతిలో గిన్నె, గిన్నెలో వత్తి.

"లే బిడ్డా" అన్నాను.

"ఆగమ్మా, మూతి తుడవాలె."

ఆరిన పాల చార ఒకటి అవ్వ పెదవి మూల ఉంది. దాన్ని అవ్వ కొంగుతోనే మెల్లగా తుడిచింది. తర్వాత అలవాటు కొద్దీ వత్తిని మళ్లీ గిన్నెలో ముంచి పైకి తీసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. వత్తి కొసన ఒక చుక్క చాలాసేపు వేలాడింది.