ఏసీ ఆపినా ఆగని శబ్దం

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది. సౌదీలోని అల్ ఖోబర్‌లో, అజీజియా అనే పేటలోని ఒక విల్లా కాంపౌండుకు నేను ఏసీ టెక్నీషియన్‌ని. ఒకే ఇంటి నుంచి మళ్లీ మళ్లీ కంప్లెయింట్ వస్తోంది. ఏసీ మోగుతోంది, నిద్ర పట్టడం లేదు అని.

ఆ ఇంట్లో ఉండేది ఒక అమెరికన్ పెద్దాయన. వాళ్ల దేశంలో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలకు సంగీతం రాసిన మనిషి. భార్య పోయాక, ఇక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న కూతురి దగ్గరికి వచ్చారు. కూతురు పొద్దున వెళ్తే సాయంత్రం దాకా రాదు. ఆయనకు తోడు పియానో, ఇంటిపని చేసే కడప ఆమె సుబ్బమ్మ.

తలుపు తీస్తూనే ఆమె, "పెద్దాయన సరిగా తినడంల్యా అన్నా. పియానో మూత గూడా తీయడంల్యా. ఆ మోతేందో తీసేసి పో," అంది.

"తీస్త చెల్లె, ఫికర్ జెయ్యకు," అన్నాను.

డాబా మీద కంప్రెసర్ కింద రబ్బరు మౌంట్లు, అంటే అదురు గోడల్లోకి దిగకుండా ఆపే దిమ్మెలు, కొత్తవి వేశాను. కిందికొచ్చి అడిగితే ఆయన తల అడ్డంగా ఊపారు. చివరికి మెయిన్ బ్రేకర్ దించి ఇల్లంతటికీ కరెంటు తీసేశాను. ఫ్రిజ్ కూడా ఆగింది.

"అన్నీ ఆగిపోయాయా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"అన్నీ ఆగిపోయాయి సార్."

"నీకేమీ వినిపించడం లేదా?"

"లేదు సార్."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. అరచేతులతో చెవులు మూసుకుని, తీసి, మళ్లీ మూసుకున్నారు. "అయితే ఇది నాలోనే ఉందన్నమాట. ఇంకెవరికీ వినిపించదు," అన్నారు.

చెమటలు పడుతున్నా కరెంటు వేయమనలేదు. నన్ను కూర్చోమన్నారు. పియానో మూత తీసి, కుడి చివర కాసేపు వెతికి, ఒక మీట నొక్కారు.

"ఇదీ ఆ శబ్దం. ఇప్పుడు నువ్వూ విన్నావు."

నాకు చెవుల సంగతీ తెలియదు, సంగీతం సంగతీ తెలియదు. టూల్‌బాక్స్ మూసేసి, ఆయన నొక్కినంతసేపూ వింటూ కూర్చున్నాను.

దానికి మందు లేదని చెవి డాక్టరు చెప్పాడట. ఆ వచ్చిన చలికాలంలో ఆయన ఇక్కడే గుండెపోటుతో పోయారు. తర్వాత ఫిల్టర్లు కడగడానికి వెళ్తే సుబ్బమ్మ చెప్పింది. "ఆ పొద్దు నుంచీ దినామూ రాసినాడన్నా. అది వాళ్ల దేశంలో వాయించినారంట, మేడమ్ ఫోన్లో సూపిచ్చింది. మొదుట్నుంచీ కడాకూ ఆ ఒక్క మోతే. తక్కినవన్నీ దాని సుట్టూ తిరుగుతాండాయి."

ఇన్నేళ్లలో ఎన్నో మెషిన్లు బాగుచేశాను. ఏమీ బాగుచేయలేక తిరిగొచ్చిన ఆ ఇల్లే ఎక్కువ గుర్తుంది. శబ్దం వస్తోందని ఎవరైనా పిలిస్తే ఇప్పుడు ముందు వాళ్ల పక్కన కాసేపు కూర్చుంటాను. శబ్దమేమీ లేదని మాత్రం ఎవరితోనూ అనను.