చప్పుడు లేని ఆటలు

ఆమె పేరు పలకడానికి మా కాలనీలో ఎవరికీ నోరు తిరగలేదు. పిల్లలు మొదటిరోజే పొడుగక్క అని పేరు పెట్టేసి ఆ బాధ వదిలించుకున్నారు. మంచు కురిసే ఏదో దేశం నుంచి అక్కడి చర్చివాళ్లు పంపితే వచ్చింది. గోదావరిఖనిలో మా బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు వేసవి సెలవుల్లో పొద్దున పూట ఆటలు నేర్పి, మధ్యలో ఒక బైబిలు కథ చెప్పి, చివర మజ్జిగ పోసి పంపడం ఆ శిబిరం పని. తొంభైల మొదటి సంవత్సరాలవి. నేను ఆదివారం బడిలో పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టించేదాన్ని. ఇంటర్ ఇంగ్లీషును రెండో దండయాత్రలో గట్టెక్కించాను కూడా. అందుకని పొడుగక్కకు సాయంగా ఉండే పని నా మెడకు చుట్టుకుంది. చుట్టుకుంది అంటున్నాను గానీ, అడగగానే ఎగిరి గంతేసింది నేనే.

తీరా చూస్తే ఆమెదీ నాలాంటి ఇంగ్లీషే. వాళ్ల దేశం భాష వేరట. ఇంగ్లీషు తనకూ బళ్లో నేర్చుకున్నదేనట. నేను నాకు తెలిసిన నాలుగు ముక్కలు ధైర్యంగా అంటే ఆమె ముఖం కేసి చూసేది. ఆమె అంటే నేను తల ఊపేదాన్ని. అర్థమైనా కాకపోయినా తల ఊపడం మర్యాద అనుకునే రోజులు. పెద్ద మాటలేవైనా ఉంటే పాస్టరుగారు మధ్యలో నిలబడాలి. ఆయన కోస్తా నుంచి ఆ వేసవికే బదిలీ మీద వచ్చారు. ఆయనకు మా యాస సగం తెలిసేది, ఆమె ఇంగ్లీషు సగం తెలిసేది. ఆ రెండు సగాలు కలిపి ఆయన మాకు అందించేవారు.

ఆటలకు చర్చి వెనక ఖాళీ జాగా ఉంది. దాని మూడు పక్కలా కంపెనీ క్వార్టర్ల వరసలే. మొదటిరోజు పొద్దున పిల్లలందరూ గుండ్రంగా నిలబడ్డాక, పొడుగక్క మెడలోని విజిల్ నోట్లో పెట్టుకుని ఒక్క ఊదు ఊదింది. టపటపా మూడు తలుపులు తెరుచుకున్నాయి. ఒకావిడ చేతిలో చీపురుతోనే బయటికి వచ్చింది.

"ఎవలే అది? మనిషి నైటు డ్యూటీ చేసొచ్చి గిప్పుడే కన్ను మలిపిండు!" అంది నన్ను చూసి, అదీ గొంతు తగ్గించే.

నేను పరుగున వెళ్లి పొడుగక్క మెడలోంచి ఆ విజిల్ తీసి నా చున్నీ కొసకు ముడేసుకున్నాను. నవ్వుతూనే తీశాను. ఆమె కూడా నవ్వింది గానీ, ఎందుకు తీశానో ఆమెకు తెలియలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. పొద్దున విజిల్ ఊదకూడదన్నది ఎవరైనా ఎవరికైనా చెప్పవలసిన సంగతా అనుకున్నాను.

ఆటలు మాత్రం బ్రహ్మాండంగా సాగాయి. కనీసం నా కళ్లకు అలా కనిపించింది. ఆమె చేతులతో చూపించేది, పిల్లలు పట్టేసేవారు. మూడుకాళ్ల పరుగు, నెత్తిన పుస్తకంతో నడక, ఏవో కొత్త బంతాటలు. మా పిల్లలకు మాట అక్కరలేదు. కనుబొమ్మ ఎగరేస్తే పక్కకు తప్పుకుంటారు, వేలు తిప్పితే వెనక్కి మళ్లుతారు. ఓడినవాడు నేలమీద దొర్లుతాడు, గెలిచినవాడు రెండు పిడికిళ్లు పైకెత్తి గెంతుతాడు. ఇంత చక్కటి పిల్లలు ఆమెకు ఎక్కడ దొరుకుతారని గర్వంగా నిలబడి చూస్తుంటే, పొడుగక్క ముఖం మాత్రం చిన్నబోతూ వచ్చింది. తనే చప్పట్లు కొట్టింది, తనే కేకలు వేసింది. మళ్లీ ఒక తలుపు తెరుచుకుంది. నేను పెదవుల మీద వేలు పెట్టి చూపించాను.

ఆ సాయంత్రం పాస్టరుగారు పిలిచారు. "ఏవమ్మా, ఆవిడకి పిల్లల తీరు నచ్చినట్టు లేదు. ఏదో బాధపడుతున్నారు" అన్నారు.

"ఎందుకటండి?"

"పూర్తిగా అర్థం కాలేదమ్మా. పిల్లల గొంతుల గురించి ఏదో అన్నారు."

గొంతుల గురించి అనగానే నాకు వెలిగింది. అల్లరి ఎక్కువైందన్నమాట. నిజమే, మూడుకాళ్ల పరుగులో ఇద్దరు పడిపోయి కిచకిచలాడారు. మర్నాడు పొడుగక్క రాకముందే పిల్లలను వరసగా కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను. "పరాయి దేశం నుంచి మనకోసం వచ్చింది. మనం గిట్ల సప్పుడు చేస్తె గామె ఏమనుకుంటది? ఇయ్యాల ఒక్కలి నోరు లేస్తె చూడుండ్రి."

పాపం, పిల్లలు నా పరువు కాపాడారు. ఆ రోజు ఒక్క కిచకిచ కూడా లేదు. గెలిచిన జట్టు నోళ్లకు అరచేతులు అడ్డం పెట్టుకుని గెంతింది. బంతి నేల మీద పడ్డ చప్పుడు, చెప్పులు లేని కాళ్ల చప్పుడు తప్ప ఏమీ లేవు. పొడుగక్క ఒకసారి పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఎండకు చెమట అనుకున్నాను.

ఆ మర్నాడు మజ్జిగ పోస్తుండగా పాస్టరుగారు వచ్చి అసలు సంగతి చెప్పారు. "పిల్లలకి ఇష్టం లేదంటున్నారమ్మా ఆవిడ. పెద్దవాళ్లు పంపితే భయపడుతూ వస్తున్నారట. ఆడుతున్నారు గానీ ఒక్కడి నోటా సంతోషం లేదట. తన వల్ల పిల్లలు బాధపడటం ఇష్టం లేదు, రేపటితో ఆపేసి శిబిరం శ్రీరాంపూర్‌లో పెట్టుకుంటానంటున్నారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా పిల్లలకు సంతోషం లేదా? పొద్దున లేవగానే ముఖాలు కడక్కుండా ఆ జాగాకు పరుగెత్తే పిల్లలకు! శ్రీరాంపూర్ పిల్లల గొప్పేంటి, వాళ్లూ బొగ్గుబాయి పిల్లలే. అయితే కోపం కన్నా దిగులే ఎక్కువైంది. మా పిల్లలకు ఎవరైనా పనిగట్టుకుని ఆటలు నేర్పడం అదే మొదలు. ఇంకో రోజుతో అది పోతుందని వాళ్లకు ఎలా చెప్పను? ఆమె కూడా, ఇంత దూరం వచ్చి, నన్ను ఎవరూ ఇష్టపడలేదని అనుకుంటూ పోతుంది. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని ఎలాగైనా ఆపాలి.

"పోతే పోనియ్యుండ్రి గని, ఇయ్యాల మా ఇంట్ల నాలుగు మెతుకులు తిని పోవాలె" అన్నాను. పిలిచి అన్నం పెట్టి, ఆ తర్వాత దులిపేయాలని నా ఆలోచన. దారి పొడుగునా ఇంగ్లీషు వాక్యాలు కూడబలుక్కున్నాను. మా పిల్లలు సంతోషంగానే ఉన్నారు, నీకే చూడటం రాదు, అని చెప్పడానికి ఎన్ని మాటలు కావాలో అన్నీ పోగేశాను. ఎండ అప్పటికే భగ్గుమంటోంది. మా క్వార్టరు గడప దగ్గర చెప్పులు విడిచి, నోరు తెరవబోయి, మూసేశాను.

నైటు డ్యూటీ చేసొచ్చి మా బాపు పండుకుని ఉన్నాడు.

మాకు ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో నులకమంచం మీద బాపు, కిటికీకి తడిపిన గోనెపట్టా. ఆ గది దాటితేగానీ వంటింట్లోకి వెళ్లలేము. ఎవరూ చెప్పకుండానే మా ఇంటివాళ్లందరూ నడిచే తీరు నాకూ వచ్చేసింది, మునివేళ్ల మీద. పొడుగక్క నన్ను చూసి అలాగే నడిచింది. అంత పొడుగు మనిషి వంగి మునివేళ్ల మీద నడుస్తుంటే నాకు కోపంలోనూ నవ్వొచ్చింది.

అమ్మ గాజులను మోచేతి దాకా పైకి తోసుకుని ఉంది. రోజూ బాపు పడుకోగానే అలాగే తోసుకునేది. గిన్నె దించితే కింద గుడ్డ వేసి దించేది. అతిథిని చూసి రెండు చేతులూ జోడించి, కళ్లతోనే కూర్చోమంది. పొడుగక్కకు పీట వేశాం. అన్నం, చింతచిగురు పప్పు. గరిట గిన్నెకు తగలకుండా వడ్డించడం అమ్మకే చేతనవును. ఇంకొంచెం పెట్టనా అని అమ్మ కనుబొమ్మలు అడిగాయి. చాలు అని పొడుగక్క చేయి అడ్డం పెట్టింది. ఆ అడ్డం పెట్టిన చేతి సందులోంచి అమ్మ ఇంకో ముద్ద వేసింది.

వంటింటి వెనక అరుగు మీద మా తమ్ముడు, పక్కన ఉర్దూ మాట్లాడే వాళ్లింటి ఇద్దరు ఆడపిల్లలు అచ్చనగండ్లు ఆడుతున్నారు. రాళ్లు టకటకమనకుండా కింద గోనెసంచి పరిచారు. వాళ్ల అబ్బా కూడా నైటు డ్యూటీయే. చిన్నపిల్ల ఒక రాయిని పైకి విసిరి, పట్టబోయి, అది నెత్తిన పడి, తల పట్టుకుంది. ముగ్గురూ నవ్వారు. నవ్వంటే ఎలాగో చెప్పాలి. నోళ్లు చేతులతో మూసుకున్నారు, భుజాలు ఊగిపోయాయి, కళ్లలోంచి నీళ్లు కారాయి, ఒకరి మీద ఒకరు పడ్డారు. చప్పుడు మాత్రం లేదు.

పొడుగక్క ముద్ద చేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, అరచేతి మీద చెంప ఆనించి, ముందు గది వైపు చూపించింది. అవునని తల ఊపాను. ఈసారి అర్థమయ్యే ఊపాను. ఆమె పక్కింటి గోడ వైపు చూపించింది. అవును. ఎదుటి వరస? అవును. చర్చి వెనక వరసలు? అక్కడా పండుకునేవాళ్లు ఉంటారు, ఈ వారం కాకపోతే వచ్చే వారం. ఆమె కళ్లు నిండాయి. మొన్న తుడుచుకున్నది చెమట కాదని అప్పుడు తెలిసింది.

నేను పోగేసిన ఇంగ్లీషంతా నాలోనే ఉండిపోయింది. అయినా నాకు చెప్పుకోవలసింది ఆమెతో కాదు, నాతోనే. మా పిల్లలు అరవరన్న సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు. ఆటంటే అంతే అనుకున్నాను. నేనూ అలాగే ఆడి పెద్దదాన్నయ్యాను. ఆమె ముఖంలో ఆ జాలి చూసి ఒళ్లు మండింది.

ఆమె శ్రీరాంపూర్ వెళ్లలేదు. మర్నాటి నుంచి విజిల్‌కు బదులు ఎర్ర చేతిరుమాలు ఊపేది. గెలిచినవాళ్లకు చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి వేళ్లు ఆడించాలని నేర్పింది. పిల్లల భుజాలు ఊగితే అది నవ్వని ఇప్పుడు ఆమెకు తెలిసేది. తను కూడా నోరు మూసుకుని, ఎర్రగా కందిపోయేదాకా అలాగే నవ్వేది. చివరి పోటీలు మాత్రం ఆదివారమే పెట్టాలని పట్టుబట్టింది. ఆదివారం బాయికి సెలవు, తండ్రులందరూ మేలుకుని ఉంటారు. "ప్రభువు దినాన ఆటలేంటమ్మా" అని పాస్టరుగారు నసిగారు. ఆమె ఆయన్ను తీసుకెళ్లి, ఒక పొద్దుటిపూట ఆ పిల్లల మధ్య ఊరికే నిలబెట్టింది. ఆయన చాలాసేపు విన్నారు. ఆరాధన అయ్యాక సాయంత్రం పెట్టుకోండి అన్నారు.

ఆదివారం సాయంత్రం ఉతికిన చొక్కాలు వేసుకుని తండ్రులు వచ్చారు. బాపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను చున్నీ కొస ముడి విప్పి విజిల్‌ను పొడుగక్క చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తీసుకెళ్లి బాపు చేతిలో పెట్టింది. మంచం మీద నిద్రపోతుండగా చూసిన మనిషిని గుర్తుపట్టింది మరి. బాపు సిగ్గుపడి అటూ ఇటూ చూసి, చొక్కాతో తుడిచి, ఊదాడు.

పిల్లలు పరుగెత్తారు. చప్పుడు లేకుండానే పరుగెత్తారు, అలవాటు ఎక్కడికి పోతుంది? బాపు విజిల్ తీసేసి ఒక్కసారిగా అరిచాడు. "ఉరుకు బిడ్డా! ఉరుకు!" ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. పక్కనున్న తండ్రులు అందుకున్నారు. పిల్లలు పరుగు మధ్యలో ఆగి తండ్రుల ముఖాలు చూశారు. ఆ తర్వాత లేచిన అరుపులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఎవరు గెలిచారో ఎవరికీ గుర్తులేదు.

ఇంటికి నడుస్తూ బాపును అడిగాను, ఇన్నేళ్లూ మా వల్ల ఏనాడైనా నిద్ర చెడిందా అని.

"నేనెప్పుడన్న సప్పుడు చెయ్యొద్దన్ననా బిడ్డా?" అన్నాడు. "మీ అమ్మనే ఊకె బెదిరిచ్చేది. బాయిల కింద చీకట్ల పక్కోని సప్పుడు ఇనవడుతుంటెనే మాకు ధైర్యం. ఇనవడకపోతె పేరు పెట్టి పిలుస్తం. ఇంటికచ్చి పండుకుంటె మీరు ఉన్నరో లేరో తెల్వకపోయేది. ఎన్నోసార్లు కండ్లు మూసుకోని ఇనుకుంట పండుకున్న."

పక్కనే నడుస్తున్న అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ వారంలోనే పొడుగక్క వెళ్లిపోయింది. మళ్లీ ఏ కబురూ లేదు.

ఆ తర్వాత ఒక పొద్దున బాపు నైటు డ్యూటీ నుంచి వచ్చి, తిని, మంచం మీద వాలాడు. అమ్మ అలవాటుగా గాజులు పైకి తోసుకోబోయి ఆగింది. చేయి కిందికి వదిలి, గలగలమంటుండగా గిన్నెలు ముందేసుకుని తోమడం మొదలుపెట్టింది. నాలుగు గిన్నెలు తోమేలోపే ముందు గదిలోంచి గురక వినిపించింది.