ఏసీ ఆగిన శుక్రవారం

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక నవంబరులో, నారాయణగూడలోని మా పరిశోధన సంస్థకు కొత్త కాన్ఫోకల్ మైక్రోస్కోపు వచ్చింది. సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌గా దాని బాధ్యత నాకు అప్పగించారు. కణాన్ని లేజర్ కాంతితో పొరలు పొరలుగా చూపించే యంత్రమది. పాతదాంట్లో మేం చూసినవన్నీ చచ్చిపోయిన కణాలే. ఇందులో బతికున్నవాటిని గంటల తరబడి చూడవచ్చు.

గది నియమాలు పన్నెండు నేనే టైపు చేయించి గోడకు అంటించాను. మొదటిది, ఏసీ ఎప్పుడూ పద్దెనిమిది డిగ్రీల్లో ఉండాలి. చిక్కడపల్లి నుంచి నడిచి వచ్చి, స్వెట్టర్ వేసుకుని మరీ లోపలికి వెళ్లేవాణ్ణి. ఆ రిమోట్ ముట్టుకున్నవాళ్లతో నెల రోజులు మాట్లాడేవాణ్ణి కాదు.

స్రవంతి మా పీహెచ్‌డీ విద్యార్థిని, నల్గొండ అమ్మాయి. అశోక్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ల మధ్య ఉండేది. వాళ్లు రోజూ "నీ కణాలు పాసయినయా?" అని ఆటపట్టించేవారట. ఆమెకు ఒక కణం రెండుగా విడిపోయే దృశ్యం మొదటి నుంచి చివరి దాకా కావాలి. కణాల గిన్నెను గాజుపెట్టెలో ఒంటి వెచ్చదనంలో ఉంచి, రెండు నిమిషాలకొక ఫొటో తీసి వరసగా కలపాలి. మూడు వారాలుగా ప్రతిసారీ అరగంటకే బొమ్మ మసకబారుతోంది. కటకానికీ కణానికీ మధ్య దూరం వెంట్రుక మందంలో పదో వంతు మారినా అంతే. నీ చెయ్యి కుదురుగా లేదమ్మా అని నేను తేల్చేశాను. సోమవారం ఆమె పరిశోధనను సమీక్షించే కమిటీకి ఆ దృశ్యం చూపించకపోతే ఆ అంశాన్నే వదిలేయమంటారు. యంత్రం వాడుకోవడానికి ఆమెకు మిగిలింది శుక్రవారం ఒక్క స్లాటు.

ఆ ఉదయమే ఏసీ ఆగిపోయింది. స్లాటు రద్దు చేస్తానన్నాను.

"మీకు దండం వెడ్త సార్. జనవరిల గదేం ఉడుకుతది? జర కూసోనియ్యుండ్రి" అని బతిమాలింది. రాంనగర్ నుంచి ఏసీ మెకానిక్ సలీం వచ్చేదాకా సరేనన్నాను. అతనికి పది ఫోన్లు చేశాను.

అరగంట గడిచింది, బొమ్మ మసకబారలేదు. గంట గడిచింది. చిక్కుపడిన దారాల్లా ఉన్న క్రోమోజోములు ఆకుపచ్చగా మెరుస్తూ కణం నడుమ ఒక్క వరసలో నిలబడ్డాయి. నేను స్వెట్టర్ విప్పేసి స్టూలు లాక్కున్నాను. సరిగ్గా అప్పుడే పానాల సంచితో సలీం తలుపు తట్టాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఏంది సార్, పొద్దుగాల్నుంచి ఫోన్లు జేసి పరేషాన్ జేస్తిరి. వచ్చినంక ఏసీ ముట్టొద్దంటరా?"

నీకు పుణ్యముంటుంది, చెప్పులు విడిచి నువ్వూ వచ్చి చూడు అన్నాను.

ముగ్గురం తెర ముందు చేరాం. ఆ వరస రెండుగా చీలి చెరోవైపుకు జరిగింది. కణం నడుము సన్నబడి, ఒకటి రెండైంది. సలీం "అరె వా!" అన్నాడు. స్రవంతి హాస్టల్‌కు ఫోన్ చేసి "పాసయినయే, నా కణాలు పాసయినయ్!" అని అరిచింది. గదిలో గట్టిగా మాట్లాడకూడదన్నది నా నాలుగో నియమం. ప్రమోషన్ వచ్చిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు. నేనూ అరిచాను.

తర్వాత కారణం వెతికాం. చల్లగాలి సూటిగా కటకం మీద పడుతోంది. ఏసీ దానంతటది ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా లోహం సాగి, ముడుచుకుని, దూరం మారిపోతోంది. పాత యంత్రం లేజర్ ఆ గదిలోనే వేడెక్కేది కాబట్టి పద్దెనిమిది డిగ్రీలు పెట్టాం. కొత్తదాని లేజర్ పక్క గదిలో ఉంది. నేను నియమాన్ని మాత్రం ఉన్నదున్నట్టు మోసుకొచ్చాను. తప్పు నీ చేతిది కాదమ్మా, నా కాగితానిది అని స్రవంతితో చెప్పాను.

సోమవారం కమిటీ ఆ దృశ్యాన్ని రెండుసార్లు వేయించుకుని చూసింది. ఆమె అంశం నిలిచింది. నేను గోడ మీది కాగితం చింపి, ప్రతి నియమం పక్కన అది ఏ యంత్రం కోసమో, ఎందుకో రాయడానికి కూర్చున్నాను. ఐదు నియమాలకు కారణం రాయలేకపోయాను. వాటిని కొట్టేశాను.