చప్పుడు లేని ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడెవడో గాని, నలుగురు పిల్లల్ని వెంటేసుకుని సూరత్‌లో అద్దె ఇల్లు వెతికి ఉండడు. పద్మారాణి వెతికింది. పెళ్లయిన నాటి నుంచీ నవాగామ్‌లో ఉంటున్న రేకుల ఇంటిని ఓనరు పడగొట్టి ఫ్లాట్లు కడతానంటే, భర్త నరహరితో కలిసి ఊరంతా తిరిగింది. ఎక్కడికి వెళ్లినా గది చూపించే ముందే ఒక్కటే ప్రశ్న, పిల్లలెంతమంది అని. నలుగురు అనగానే గది నిన్ననే ఎవరికో ఇచ్చేశామనేవారు. కొందరైతే ఆ అబద్ధమాడే శ్రమ కూడా పడకుండా తలుపు వేసుకునేవారు. పిల్లలు దేవుళ్లంటారు గాని, అద్దెకిచ్చే దగ్గర మాత్రం ఆ దేవుళ్లు ఇద్దరికి మించకూడదు.

చివరికి వరాఛా వైపు ఒక హౌసింగ్ సొసైటీలో జశుబేన్ అనే పెద్దావిడ తన ఇంటి మీది గది ఇస్తానంది. కింద ఒక్కతే ఉంటుంది. గుండె జబ్బు మనిషి, మధ్యాహ్నం కునుకు తీయకపోతే ఆయాసం వస్తుందట. నలుగురైనా సరే గాని, చప్పుడు వినబడితే మాత్రం గది ఖాళీ చేయాలని షరతు పెట్టింది. నరహరి వెంటనే తలూపాడు. పద్మారాణి గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే వాళ్లది సాంచాల మీద బతికే కుటుంబం. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. ఆ కార్ఖానాలో నిలబడితే మన మాట మనకే వినబడదు. అందుకే సాంచాల మీద పనిచేసేవాళ్లు ఇంట్లో ఉప్పు అందించమన్నా పక్క వీధికి తెలుస్తుంది. నరహరి చెవులు సగం అక్కడే పోయాయి. తండ్రికి వినబడాలని పిల్లలూ అరిచే మాట్లాడేవారు. నవాగామ్‌లో ఇరుగుపొరుగు అందరిదీ అదే గొంతు గనుక అది ఎవరికీ తప్పనిపించలేదు.

ఉపాయం నరహరే చెప్పాడు. కార్ఖానాలో పనివాళ్లు ఒకరి పెదవులు ఒకరు చదువుకుంటారు, మిగతాది చేతులతో చెప్పుకుంటారు. పోగు తెగితే ఒక సైగ, దారపు కండె అయిపోతే ఒకటి, యజమాని సేఠ్ వస్తున్నాడంటే ఇంకొకటి. అవన్నీ పిల్లలకు నేర్పాడు. పెద్దపిల్లలు రుచిత, హారతి, అర్జున్‌లకు అది మంచి ఆట అయింది. అన్నానికి, నీళ్లకు, బలపానికి, అలిగినందుకు కూడా వాళ్లే కొత్త సైగలు పుట్టించారు. సేఠ్ సైగను జశుబేన్‌కు పెట్టేశారు. కడగొట్టుది మౌక్తిక అప్పటికింకా పాకుతోంది. అది అందరి చేతుల వంకా చూసి నవ్వేది.

గోడలకు చెవులుంటాయంటారు, ఆ ఇంట్లో నేలకే చెవులు. పద్మారాణి రోజంతా గుసగుసగా అనే మాట ఒక్కటే, మెల్లగ. గిన్నె దించితే మెల్లగ, మెట్లెక్కితే మెల్లగ, పాపం అర్జున్ తుమ్మినా మెల్లగ. జశుబేన్ సంతోషించింది. పండగపూట పిల్లలకు మిఠాయి పంపి, ఇంత బుద్ధిమంతులైన పిల్లల్ని ఎక్కడా చూడలేదని సొసైటీ ఆడవాళ్లందరికీ చెప్పింది. పద్మారాణి ఆ మాట విని మురిసిపోయింది కూడా.

కాని పగటిపూట ఆ గదిలో ఆమెకు ఊపిరాడేది కాదు. నరహరి పొద్దున పోతే దీపాలు పెట్టాకే వచ్చేవాడు, వచ్చి తిని పడుకునేవాడు. పిల్లలు బడికి పోయేవారు. రింగ్ రోడ్ మార్కెట్ చీరలకు రాళ్లు అంటించే పని తెచ్చుకుని ఆమె కూర్చునేది. నవాగామ్‌లో అదే పని పక్కిళ్ల కనకవ్వ, సారక్కలతో కలిసి గుమ్మాల్లో కూర్చుని చేసేది. అక్కడ చీర ఎప్పుడు అయిపోయిందో తెలిసేది కాదు, ఇక్కడ ఒక్క చీరకే పొద్దు గడవదు. ఆ వీధిలో తెలుగు మాట ఒక్కటీ లేదు. సారక్కకు ఫోన్ చేసి గుసగుసగా మాట్లాడితే, జర గట్టిగ మాట్లాడే, ఇనవడ్తలేదని ఆమె విసుక్కునేది. రానురాను సారక్క ఫోన్లు కూడా తగ్గిపోయాయి. పద్మారాణికి తన మీద తనకే జాలి వేసేది, ఆ జాలి చెప్పుకోవడానికి కూడా మనిషి లేదు.

మౌక్తిక నడిచింది, పరుగెత్తింది, మూడో ఏడు దగ్గరపడింది. మాట రాలేదు. ఆకలైతే వేళ్లు నోటి దగ్గర పెట్టి చూపేది, దాహమైతే బొటనవేలు ఎత్తేది. కొందరు పిల్లలకు మాట ఆలస్యమని పద్మారాణి సర్దిచెప్పుకుంది. అంగన్‌వాడీలో టీచరు మాత్రం ఈ పిల్ల మూగదేమో, చెవులు చూపించమంది. ఆ మాట వినగానే పద్మారాణి పిల్లనెత్తుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తింది.

చెవుల్లో లోపం లేదని, గొంతు కూడా బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో పిల్లతో ఎవరు మాట్లాడతారని అడిగింది. తన ఇంట్లో తను నిండుగా ఒక మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో పద్మారాణికే గుర్తులేదు. నలుగురిలో చివరిదానికి జోలపాట కూడా పాడలేదు. ఇల్లు నిలబెట్టుకోవడానికి పిల్ల గొంతు అమ్ముకున్నానని ఆమెకు అక్కడే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి, మధ్యాహ్నమన్నది మరిచి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని గొంతెత్తి మాట్లాడింది. కిటికీలో కాకిని చూపి కాకి అంది, అన్నం అంది, అక్కల పేర్లు, అన్న పేరు, తమ ఊరి పేరు, నోటికొచ్చినవన్నీ అంది. నవాగామ్ గొంతు ఎక్కడికీ పోలేదు. సొసైటీ సగానికి వినబడింది. మౌక్తిక బెదిరిపోయి, జశుబేన్ వస్తుందని పదేపదే సైగ చేసింది.

నిజంగానే వచ్చింది. పైన ఎవరైనా పోయారేమోనని ఆయాసపడుతూ మెట్లెక్కింది పాపం. సంగతి తెలిసి షరతు గుర్తుచేసింది. పద్మారాణి తడబడే హిందీలో ఒక్క మాటే చెప్పింది.

"ఖాళీ చేస్తాం బేన్. నా బిడ్డ మాట్లాడాలి."

జశుబేన్ పిల్ల వంక చూసింది. నెలాఖరు దాకా ఉండమని చెప్పి, గోడ పట్టుకుని దిగిపోయింది. ఆమెననడానికీ లేదు, ముందే చెప్పింది గనుక.

మళ్లీ గల్లీ గల్లీ తిరగాలి, మళ్లీ పిల్లలెంతమంది అన్న ప్రశ్న. పద్మారాణి కొంగు నోట్లో కుక్కుకోకుండా బావురుమని ఏడ్చింది. అప్పుడు మౌక్తిక ఒళ్లోంచి లేచి, చిన్న అరచేతితో తల్లి నోరు మూసింది. బొంగురుగా, కొత్త గొంతుతో అంది.

"మెల్లగ."

పద్మారాణి ఏడుపు ఆగిపోయింది. బిడ్డకు మాట వచ్చిందని ప్రాణం లేచి వచ్చింది. వచ్చిన మాట మాత్రం అది. అమ్మా అనలేదు, బాపూ అనలేదు. ఆ ఇంట్లో అది విన్న మాట అదొక్కటేనాయె.

ఎవరికైనా చెప్పాలనిపించింది. నరహరికి వీడియో కాల్ చేసింది. తెర మీద అతని ముఖం, వెనక సాంచాల హోరు. పనివేళ ఫోన్ రావడంతో కంగారుపడి, ఏమైందని చేత్తో అడిగాడు. ఆమె ఫోన్ మౌక్తిక ముఖం ముందు పెట్టింది.

"గట్టిగ అను బిడ్డా, మీ బాపుకు ఇనవడాలె" అంది.

మౌక్తిక తండ్రిని చూసి, ఊపిరి పీల్చుకుని, ఉన్న ఒక్క మాటనూ గట్టిగా అరిచింది. నరహరికి వినబడలేదు గాని, పెదవులు చదవడం అతనికి కొత్త కాదు. ముందు ముఖమంతా నవ్వయింది. ఏ మాట అన్నదో అర్థమయ్యాక ఆ నవ్వు నిలవలేదు. బిడ్డకు చెప్పాలని చెయ్యెత్తాడు. భయపడకు, గట్టిగా మాట్లాడు అనడానికి కార్ఖానాలో సైగ లేదు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.