శవపేటిక ముందు మా పెద్దల పేర్లు

రక్తం తాగే దొర కథ అది. ఏనాటిదో ఇంగ్లీషు నవల. దాన్ని తెలుగులో సినిమా తీస్తామని అరకు పైనున్న మా ఊరికి వచ్చారు. దొర కోటకు పాత కాఫీ బంగళా దొరికింది. దొరను లేపే మంత్రగత్తెగా మా పెద్దమ్మ దొరికింది. ముక్కున మూడు పోగులు, ముడతలు పడ్డ ముఖం చూసి, మేకప్ కూడా అక్కర్లేదని మురిసిపోయారట.

శవపేటిక ముందు ఎర్రనీళ్ల గిన్నెతో నిలబెట్టి, "మీ భాషలో ఏదో ఒకటి చదువమ్మా, ఆపకుండా" అన్నాడట డైరెక్టర్. పెద్దమ్మకు మంత్రాలెక్కడివి? కొత్తల పండక్కి, కొత్త సామలు వండిన రోజున మా దగ్గర మొదటి ముద్ద ఆకులో పెట్టి, పోయినవాళ్లను పేరుపేరునా పిలుస్తారు. వాళ్లు తిన్నాకే మేం తింటాం. ఏళ్లుగా ఊరందరి తరఫునా ఆ పిలుపు పెద్దమ్మదే. ఆపకుండా చెప్పగలిగింది అదే కాబట్టి అదే చెప్పింది.

సినిమా ఫోన్లలోకి వచ్చింది. మైదానంవాళ్లకు అది వట్టి గొణుగుడు. మా ఊరివాళ్లకు మాత్రం తమ అమ్మల పేర్లు, అయ్యల పేర్లు వినిపించాయి. ఆ పేర్లకే పెట్టెలోంచి పీనుగు లేచింది. ఆ వారమే ఊళ్లో ఒక పసిగుంటకు జ్వరం వచ్చింది. చిల్లంగి అన్నారు. చేతబడికి మా కొండల్లో ఆ పేరు. ఆ మాట పుడితే ఊరికే పోదు, మనిషిని తీసుకునే పోతుంది.

పాడేరులో ఉద్యోగం చేసుకుంటున్న నాకు సంగతి తెలిసి, డైరెక్టర్‌కు ఫోన్ చేశాను. ఆ మాటలు తీసేయమన్నాను.

"వాటికి అర్థం కూడా ఉందాండీ?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఎక్కడో పుట్టిన ఆ దొరకు ఊరూ పేరూ వంశమూ అన్నీ పొల్లుపోకుండా ఉంచాడు. మా మాటకు అర్థం ఉంటుందని మాత్రం తోచలేదు పెద్దమనిషికి. చెడామడా తిట్టాను. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

మాత్రలతో గుంటకు జ్వరం తగ్గింది. ఊరికి పెద్దమ్మ మీద అనుమానం తగ్గలేదు.

ఈ ఏడు కొత్తల పండక్కి పిలుపు వేరొకామెకు ఇచ్చారు. పెద్దమ్మకు కబురే లేదు. నేను వెళ్లి, చివరిదాకా విని ఇంటికొచ్చాను. పెద్దమ్మ తన పొయ్యి మీదే కాసిన్ని సామలు వండి, ఆకులో పెట్టుకుని కూర్చుంది.

"మీ పెదనాన్నని పిలిసారేటి?" అంది.

"లేదు పెద్దమ్మా. నువ్వే పిలువు."

"నానెలా పిలుత్తానే. పిలిత్తే, అదిగో మల్లీ లేపుతోందంతారు."

ఆకులో అన్నం చల్లారిపోయింది. ఆ పండగ పూట మా పెదనాన్న పస్తున్నాడు.